ఇంట్లో బీరు – 6వ పాఠం: పులియడం నిజంగా ఆగిందా?

పోయిన పాఠం చదివి సీసాలు నింపినవాళ్ల నుంచి ఒకటే గోల. ఎల్బీ నగర్‌లో ఒకాయన మూత తీయగానే వంటింటి గోడంతా నురగే. కూకట్‌పల్లిలో ఒకావిడ ఇంట్లో సీసా పగిలింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అందుకే ఈసారి చెప్తానన్న హాప్స్ (బీరుకు చేదూ వాసనా ఇచ్చే పువ్వులు) సంగతి వాయిదా. ఇంకా సీసాలు మిగిలినవాళ్లు మందపాటి తువ్వాలు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, బాగా చల్లబడ్డాకే మూతలు వదులు చేయండి.

అందరూ చేసింది ఒకటే: ఎయిర్‌లాక్‌లో (డ్రమ్ము మూతకు పెట్టే, గ్యాస్‌ని బయటికి వదిలే నీళ్ల గొట్టం) బుడగలు ఆగగానే సీసాలు నింపేశారు. గంజి పొంగు తగ్గినంత మాత్రాన అన్నం ఉడికినట్టేనా? బుడగ చెప్పేది గ్యాస్ బయటికి పోతోందని మాత్రమే. బేగంబజార్‌లో కొన్న ప్లాస్టిక్ డ్రమ్ము మూత బిగుతుగా లేకపోతే గ్యాస్ సందుల్లోంచి పోతుంది, లోపల ఈస్ట్ జోరుగా పనిచేస్తున్నా బుడగ రాదు. పనంతా అయిపోయిన డ్రమ్ములోనూ బుడగలొస్తాయి. మధ్యాహ్నం గది వేడెక్కితే బీరులో కరిగి ఉన్న గ్యాస్ పైకొస్తుంది, వానకు ముందు గాలి పీడనం తగ్గినా అంతే. రాత్రి ఏసీ వేస్తే డ్రమ్ములో గాలి కుంచించుకుని ఎయిర్‌లాక్ నీళ్లనే లోపలికి లాగుతుంది. ఎల్బీ నగర్ ఆయన డ్రమ్ము 16 డిగ్రీల ఏసీ గదిలో ఉంది. ఆ చలికి ఈస్ట్ అడుక్కి చేరి పని ఆపేసింది. సీసాలను 34 డిగ్రీల గదిలో పెట్టేసరికి మళ్లీ లేచింది, తినడానికి చక్కెర మిగిలే ఉంది. ఇక చాలు, బుడగల మాట నా దగ్గర ఎత్తకండి.

నమ్మాల్సింది హైడ్రోమీటర్‌ని. ద్రవం నీళ్లతో పోలిస్తే ఎంత చిక్కగా ఉందో, అంటే దాని గ్రావిటీ ఎంతో, తేలుతూ చూపించే గాజు గొట్టం అది. నీళ్లకు 1.000, ఈస్ట్ చక్కెర తినేకొద్దీ అంకె దిగుతుంది. మొదట 1.050 ఉంటే, మామూలు ఈస్ట్ 1.000 పైనున్న ఆ 0.050లో 75 శాతం దాకా తగ్గించి సుమారు 1.012 దగ్గర ఆగుతుంది. 1.020 దగ్గరే కదలకుండా ఉంటే డ్రమ్మును కాస్త వెచ్చని చోటికి మార్చి మెల్లగా కదపండి. అయితే 1.012 చూడగానే సంబరపడొద్దు. మూడు రోజులు ఆగి మళ్లీ చూడండి, అంకె మారకపోతేనే పూర్తయినట్టు. నేనైతే ఆ పైన ఇంకో వారం వదిలేస్తాను, తొందరేముంది?

ఈ లెక్క చూడండి. సీసాలో గ్రావిటీ 0.001 పడితే సుమారు అర వాల్యూమ్ గ్యాస్ పుడుతుంది (ఒక వాల్యూమ్ అంటే లీటరు బీరుకు లీటరు గ్యాస్). సీసాలు నింపేటప్పుడు నురగ కోసం లీటరుకు 6 గ్రాముల చక్కెర వేస్తే ఎలాగూ రెండు వాల్యూములు దాటుతుంది. ఇంకా 0.004 పడాల్సి ఉండగానే నింపితే నాలుగు దాటుతుంది. మామూలు బీరు సీసా అంత ఒత్తిడికి తయారుచేసింది కాదు.

మన ఎండలతో ఇంకో తిరకాసు. చాలా హైడ్రోమీటర్లు 20 డిగ్రీలకు గీసినవి. శాంపిల్ 30 డిగ్రీలుంటే సుమారు 0.003, 35 ఉంటే 0.004 కలుపుకోండి. ముందు దాన్ని రెండు గ్లాసుల మధ్య తిరగపోసి గ్యాస్ పోగొట్టండి, లేకపోతే బుడగలు అంటుకుని హైడ్రోమీటర్‌ని పైకి లేపుతాయి. పాల లాక్టోమీటర్ సరిపోతుందా అని ఒకరడిగారు. సరిపోదు, చాలావాటి గీతలు 1.012 దాకా దిగవు. రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగే తీరును బట్టి చక్కెర కొలిచే పరికరం) నేను వాడను, ఆల్కహాల్ చేరాక అది తప్పు అంకె చూపిస్తుంది. చూసిన శాంపిల్‌ని డ్రమ్ములో తిరిగి పోయకండి, తాగేయండి. వెన్న వాసనొస్తే అంకె ఆగినా ఇంకొన్నాళ్లు ఆగాలి.

అభ్యాసం: ఈసారి ఈస్ట్ వేసే రోజునే హైడ్రోమీటర్ జాడీ నిండేంత, డ్రమ్ములో పులియబెట్టబోయే రసం శుభ్రమైన సీసాలోకి తీసి, ఈస్ట్ కాస్త ఎక్కువే వేయండి. బిగుతు మూత వద్దు, ఫాయిల్ కప్పి వెచ్చని మూల పెట్టండి. రోజుకు నాలుగైదు సార్లు కదపాలి, ఆఫీసు ఉన్నా సరే. డ్రమ్ము కంటే చాలా ముందే ఇది పూర్తవుతుంది. ఇది ఆగిన అంకే మీ డ్రమ్ము చేరాల్సిన అంకె. రెండింటి అంకెలూ, పక్కనే శాంపిల్ వేడీ రాసుకోండి. వేడి రాయని అంకెలు నాకు పంపొద్దు, చూడను.