అరబ్–యూదు తగాదా మీద అమెరికా పుస్తకాన్ని తెలుగు చేసేటప్పుడు

ముందు చూడాల్సింది ఆ పుస్తకాన్ని వేసిందెవరని. అమెరికా పాఠకుణ్ణి తమవైపు తిప్పుకోవడానికి రెండు పక్షాలూ దశాబ్దాలుగా అక్కడ అచ్చు వేస్తూనే ఉన్నాయి. ఇజ్రాయెల్ పక్షాన ఐ.ఎల్. కెనెన్ 1957లో ‘నియర్ ఈస్ట్ రిపోర్ట్’ అనే పత్రిక మొదలుపెట్టాడు. పాలస్తీనా అరబ్బుల గోడు వినిపించే ‘ద లింక్’ పత్రిక 1968లో వచ్చింది. పక్షం ఉన్నంత మాత్రాన పారేయక్కర్లేదు. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళను సారా అంగడి మీదికి నడిపించిందీ సాక్షరతా వాచకంలోని ఒక పాఠమే కదా. కాకపోతే ఆ పక్షమేదో మొదటి పేజీలోనే చెప్పాలి.

లాభాపేక్ష లేని సంస్థలు అక్కడి పన్నుల శాఖకు సాధారణంగా ఏటా ఫారం 990 ఇస్తాయి. దాన్ని ఎవరైనా చూడొచ్చు. రాబడి, ఖర్చు, డైరెక్టర్ల పేర్లు ఉంటాయి. దాతల పేర్లు మాత్రం చాలావరకు కనబడవు. విదేశీ ప్రభుత్వం తరఫున వేసిన ప్రచారమైతే 1938 నాటి చట్టం ప్రకారం ఆ సంగతి దాని మీదే అచ్చై ఉండాలి. ఆ పంక్తిని తెలుగులో వదిలేయకండి. దినపత్రికలో డబ్బు కట్టి వేయించిన పేజీకి పైన ‘ప్రకటన’ అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది. కత్తిరించి పంపిన కాపీలో ఎగిరిపోయేది సరిగ్గా ఆ ముక్కే, కాబట్టి పూర్తి పేజీ తెప్పించుకోండి. అనువాదానికి అనుమతి కూడా అప్పుడే రాతపూర్వకంగా అడగండి.

ఇక పేర్లు. మన జిల్లాల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే దొర్లుతాయి. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరుకూ 1866లో ఒంగోలుకూ వచ్చారు. తెలుగు బైబిలు మాట ఇక్కడ ఎన్నో ఇళ్ళలో నిత్యం వినబడేదే. ఇప్పటి దేశాన్ని ‘ఇశ్రాయేలు’ అని రాస్తే చదివేవాడికి మోషే కనబడతాడు గానీ 1948లో ఏర్పడిన ప్రభుత్వం కనబడదు. దేశానికి ‘ఇజ్రాయెల్’, బైబిలు ప్రస్తావనకు ‘ఇశ్రాయేలు’ అని విడదీయండి. ‘యూదయ, సమరయ’ అని మూలంలో ఉంటే అలాగే ఉంచి, మిగతా ప్రపంచం వెస్ట్ బ్యాంక్ అనే నేల అదేనని అడుగున రాయండి. ‘అల్ ఖుద్స్’ అని ఉంటే యెరూషలేమేనని చెప్పండి. బైబిలు తెలిసిన పాఠకుడికీ నెల్లూరు బారాషహీద్ దర్గాకు వెళ్ళే పాఠకుడికీ ఊరు ఒకటేనని తెలియాలి. వెస్ట్ బ్యాంక్ వెంట ఇజ్రాయెల్ కట్టిన వేర్పాటు కట్టడం చాలా దూరం కంచె, కొన్నిచోట్ల ఎత్తైన కాంక్రీటు గోడ. ఒక పక్షం ‘కంచె’ అనే అంటుంది, రెండోది ‘గోడ’ అనే అంటుంది. మూలంలో ఏముంటే అదే రాయండి, సవరించబోకండి.

పత్రాల దగ్గర ఇంకా జాగ్రత్త. 1917 నవంబరు 2 నాటి బ్రిటిష్ విదేశాంగ మంత్రి బాల్ఫోర్ లేఖలో, పాలస్తీనాలో యూదులకు సమ్మతమన్నది ‘జాతీయ నివాసం’. దాన్ని ‘దేశం’ అని తెలుగు చేస్తే లేఖ ఇవ్వని మాటను మీరు ఇచ్చినట్టే. అందులో యూదేతరులకు కాపాడతామన్నవి పౌర, మత హక్కులు. ‘అన్ని హక్కులు’ అని రాస్తే అరబ్బుల ఫిర్యాదుకు అర్థమే పోతుంది. రాజకీయ హక్కుల ఊసు లేదనేదే వాళ్ళ బాధ.

అసలు చిక్కు 1967 నవంబరు 22 నాటి ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 242వ తీర్మానం. ఆక్రమించిన ప్రాంతాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలన్నచోట ఇంగ్లీషు పాఠంలో ‘ప్రాంతాలు’ అన్న మాటకు ముందు ‘ద’ (the) లేదు. ఫ్రెంచి పాఠాన్ని ‘ఆ ప్రాంతాలన్నీ’ అనీ చదువుకోవచ్చు. యాభై ఏళ్ళకు పైబడిన వాదమంతా ఆ ఒక్క అక్షరం మీద. మన భాషకు ఆ ‘ద’ అసలే లేదు. ‘అన్ని’ చేరిస్తే ఒక పక్షం, ‘కొన్ని’ చేరిస్తే ఇంకో పక్షం అవుతారు. ‘ప్రాంతాల నుంచి’ అని వదిలి, అడుగున రెండు పంక్తుల్లో ఈ గొడవ చెప్పండి.

రాసిన ఏడు, అచ్చైన ఏడు రెండూ ఇవ్వండి. పాలస్తీనా, సిరియా జనం అభిప్రాయం తెలుసుకోవడానికి 1919లో అమెరికా పంపిన కింగ్–క్రేన్ సంఘం నివేదిక జనం చేతికి వచ్చింది 1922లో, అదీ పత్రికలవాళ్ళ వృత్తి వారపత్రికలో. ఓటు లెక్కలు మూలంతో సరిచూడండి. పాలస్తీనాను విభజించాలన్న 1947 ఐక్యరాజ్యసమితి తీర్మానానికి అనుకూలం 33, వ్యతిరేకం 13, తటస్థం 10. వ్యతిరేకించినవాళ్ళలో భారత్ ఉంది, పాఠకుడు తప్పక అడుగుతాడు. మిలియన్‌ను లక్షల్లోకి మార్చేటప్పుడు సున్నా జారుతుంది. 1948 నాటి పాలస్తీనా శరణార్థులు సుమారు 7 లక్షలు, 70 లక్షలు కాదు.

పటాల్లో పాలస్తీనావాళ్ళ నేల అని వేసే పచ్చరంగు ఏడాదికేడాదీ తరిగిపోయే వరుస ఒకటుంది. అందులో ఒక పటం సొంత భూముల్ని, ఇంకొకటి పాలనను చూపిస్తుంది. రంగుకు అర్థమేమిటో ప్రతి పటం కిందా రాయాలి. చుట్టూ పెద్ద అరబ్బు దేశాలు, మధ్యలో చిటికెడు ఇజ్రాయెల్ ఉన్న పటంలో వెస్ట్ బ్యాంక్ గీత ఉందో లేదో చూడండి. ఒకే రంగు అచ్చులో పచ్చా నీలం రెండూ బూడిదైపోతాయి. అడ్డగీతలు, చుక్కలు వాడమని డీటీపీ అతనికి చెప్పండి.

మీ తెలుగు పుస్తకం డెమ్మీ 1/8 సైజులో 16 పేజీలదైతే అచ్చుకు ఒకే ఫారం (మడిచే ఒక పెద్ద షీటు), రెండు ప్లేట్లు. వెయ్యి కాపీలకు 70 జీఎస్ఎం మాప్లిథో కాగితం రెండు రీములు, పాడయ్యేవాటికి ఇంకో 50 షీట్లు. నడుమ పిన్ను చాలు. యూనికోడ్‌లో కొట్టింది అను ఫాంటులోకి మారేటప్పుడు వత్తులు, కొటేషన్ గుర్తులు చెదురుతాయి. కొటేషన్ పోతే ఎదుటివాడి మాట మీ మాటైపోతుంది, అందుకే మార్చిన తర్వాతే ప్రూఫు చూడాలి.

ఆ ప్రూఫు చర్చికి వెళ్ళేవారొకరికి, మసీదుకు వెళ్ళేవారొకరికి, రెండూ పట్టని మాస్టారొకరికి ఇవ్వండి. ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలు గీత పెట్టమనండి, కారణం రాయక్కర్లేదు. ఇద్దరు ఒకే మాట దగ్గర ఆగితే మూలం మళ్ళీ తెరవండి. పదహారో పేజీ సగం ఖాళీగా వదలండి. మలి ముద్రణలో తప్పొప్పుల పట్టికకు అక్కరకొస్తుంది.