అమెరికాలో ఇన్సూరెన్స్ లేకుండా కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్లే ముందు జాగ్రత్తలు

ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, మూతి వంకర పోవడం లాంటివి ఉంటే ఈ సెంటర్ల (ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే స్థానిక క్లినిక్‌ల) కోసం చూడకండి. వెంటనే ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయండి. డబ్బు సంగతి తర్వాత.

మిగతా వాటికి:

– ముందు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులతో నడిచే సెంటరేనా అని అడగండి. అలాంటి చోట డబ్బు కట్టలేరని వైద్యం నిరాకరించకూడదు.

– "స్లైడింగ్ ఫీ" ఉందా అని అడగండి. ఇంటి ఆదాయం, ఇంట్లో ఎంతమంది అన్నదాన్ని బట్టి ఫీజు తగ్గుతుంది. ఆదాయం ఫెడరల్ పేదరిక ప్రమాణానికి (ప్రభుత్వం పేదరికానికి గీసిన ఆదాయ గీతకి) 200 శాతం, అంటే రెండింతలు దాటితే ఆ తగ్గింపు ఉండదు. అడగడానికి మొహమాటపడొద్దు, ఆ ఏర్పాటు ఉన్నదే మనలాంటివాళ్ల కోసం.

– పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు), ట్యాక్స్ రిటర్న్, ఐడీ, అడ్రస్ రుజువు పట్టుకెళ్లండి.

– వీసా మీద ఉన్నవాళ్లు, చూడటానికొచ్చిన అమ్మానాన్నలు ఈ సెంటర్ల సేవ తమకు వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోవాలి. ఎవరికి వర్తిస్తుందన్న నిబంధనల మీద 2025లో కోర్టు కేసులు నడిచాయి.

– మందుల అసలు పేర్లు (బ్రాండ్ పేరు కాదు, లోపలి మందు పేరు) రాసుకోండి. ఇది చాలామంది వదిలేస్తారు. ఇక్కడ డోలో అంటే డాక్టరుకి తెలియకపోవచ్చు. పారాసిటమాల్‌ని కూడా ఎసిటమినోఫెన్ అంటారు. బీపీ, షుగర్ మాత్రల స్ట్రిప్పులే తీసుకెళ్తే ఇంకా మేలు.

– తెలుగు దుబాసీ కావాలని బుకింగ్‌లోనే చెప్పండి, అది ఉచితం. పిల్లల చేత అనువాదం చేయించకండి. అమ్మ తన ఒంటి బాధ మనవడి ముందు చెప్పుకోలేకపోతుంది.

– రక్త పరీక్షలు, బయటి స్పెషలిస్టు బిల్లు విడిగా వస్తాయేమో అడిగాకే ఒప్పుకోండి.