పన్నెండు బిట్లలో ఫైలు వ్యవస్థ, పాఠం 5: రాస్తున్న ఫైలు, రాసేసిన ఫైలు

ఈసారి ఫైలు మూయడం ఒక్కటే చెప్పి ముగిద్దామనుకున్నాను. పోయిన పాఠం అభ్యాసానికి (డైరెక్టరీ, అంటే టేపులోని ఫైళ్ల పట్టిక, రాసి దాన్నిబట్టి ఫైళ్లు చదవడం) మీరు పంపిన జవాబులు చూశాక సగం పాఠం వాటికే ఇవ్వక తప్పేలా లేదు.

యంత్రం అదే, డెక్ కంపెనీ మినీకంప్యూటర్ పీడీపీ-8. పద్ధతి 1970లలో దాని మీద నడిచిన ఆపరేటింగ్ సిస్టం ఓఎస్/8ది. (12 బిట్ల వర్డ్, అంటే మెమరీలో ఒక గడి, వింతగా అనిపిస్తే, హైదరాబాద్ ఈసీఐఎల్ తయారుచేసిన టీడీసీ-12 కూడా 12 బిట్లదేనని గుర్తుచేసుకోండి.) ఎమ్యులేటర్ (పీడీపీ-8ను అనుకరించే ప్రోగ్రాం) ఎక్కించుకోవడం, డెక్‌టేప్ (ఫైళ్లుండే అయస్కాంత టేపు) తగిలించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ఎక్కువమంది ఫిర్యాదు ఒకటే: మొదటి ఫైలు శుభ్రంగా వస్తోంది, రెండోదాని నుంచి అంతా చెత్త. కారణం ఇదీ. 5 బ్లాకుల ఫైలుకు పొడవు దగ్గర 0005 అని వేశారు. అక్కడ ఉండాల్సింది ఆక్టల్‌లో (0 నుంచి 7 వరకు అంకెలతోనే రాసే లెక్కలో) 7773, అంటే మైనస్ 5: దానికి 5 కలిపితే 12 బిట్లు పొంగి సున్నా వస్తుంది. డైరెక్టరీలో ఏ ఫైలుకూ మొదటి బ్లాకు నంబరు ఉండదు. హెడర్‌లో (డైరెక్టరీ బ్లాకు మొదట్లోని 5 వర్డ్‌లు) ఉన్న నంబరుతో, ఇక్కడ 7తో, మొదలుపెట్టి, దాటుతున్న ప్రతి ఎంట్రీ పొడవునూ గుర్తు తిప్పి కలుపుకుంటూ పోతాం. మీ 0005 గుర్తు తిరిగితే మైనస్ 5 అవుతుంది. 7లోంచి 5 పోతే 2. రెండో ఫైలు పేరుతో మీరు చదివింది టేపులో 2వ బ్లాకు. 1 నుంచి 6 వరకు డైరెక్టరీ కదా! చదివి ఊరుకున్నారు కాబట్టి బతికిపోయారు. అక్కడ రాసి ఉంటే డైరెక్టరీ సొంత జాగాలోనే చెత్త పడేది.

ఆ మైనస్ ఏదో ముచ్చటకు పెట్టింది కాదు. పీడీపీ-8లో తీసివేత ఇన్‌స్ట్రక్షన్ లేదు. ఉన్నది ఐఎస్‌జడ్: వర్డ్‌కు ఒకటి కలుపుతుంది, సున్నా అయితే తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌ను దాటేస్తుంది. 7773ను కౌంటర్‌లో వేసి బ్లాకుకొకసారి ఐఎస్‌జడ్ చేస్తే అయిదో బ్లాకుకు లూపు దానంతటదే తెగుతుంది. డైరెక్టరీలో ఉన్న అంకెను ఉన్నట్టే వాడుకోవచ్చు.

కొందరు తెలివిగా ప్రతి ఎంట్రీకీ మొదటి బ్లాకు నంబరు కూడా జతచేశారు. వద్దు. ఒక డైరెక్టరీ బ్లాకు 256 వర్డ్‌లు, హెడర్ 5 పోగా 251. ఎంట్రీకి 6 వర్డ్‌లు చాలు. ఏడోది పెడితే ఫైళ్లు తగ్గుతాయి. అంతకన్నా పెద్ద తంటా, పొడవులు ఒకటి చెప్పి నంబరు ఇంకోటి చెప్పినరోజు ఏది నమ్ముతారు? లెక్క కట్టగలిగినదాన్ని దాచిపెట్టడం నాకు గిట్టదు.

యూనిక్స్‌లాగా ఐనోడ్ (ఫైలు బ్లాకుల నంబర్లు దాచే పట్టిక) పెట్టొచ్చుగా అనీ అడిగారు. పీడీపీ-11 మీది తొలి యూనిక్స్‌లో ఐనోడ్‌కు 8 బ్లాకు నంబర్లుండేవి, ఫైలు ముక్కలుగా ఎక్కడైనా పడి ఉండొచ్చు. బాగానే ఉంటుంది. కానీ మన వ్యవస్థలో ఎప్పుడూ మెమరీలో కూర్చునే భాగం 07600 నుంచి ఒక పేజీ, 17600 నుంచి ఒక పేజీ, కలిపి 256 వర్డ్‌లు. అందులో నంబర్ల పట్టిక వెంటేసుకుని తిరగలేం. మొదటి బ్లాకు, పొడవు రెండూ తెలిస్తే చాలనేదే మన బేరం.

ఇక అసలు పాఠం. ఇంతకుముందు కొత్త డెక్‌టేప్‌లో 730 ఖాళీ బ్లాకులు చూశాం. దానిలో 5 బ్లాకుల రామా.పీఏ పెడితే డైరెక్టరీ ఇలా ఉంటుంది, అంతా ఆక్టల్‌లో:

7776 0007 0000 0000 7777
2201 1501 0000 2001 4172 7773
0000 6453

మొదటి వరస హెడర్: మైనస్ 2 ఎంట్రీలు, ఫైళ్లు 7వ బ్లాకు నుంచి. రెండో వరసలో పేరు (మొదటి 4 వర్డ్‌లు), తేదీ, పొడవు. 4172 అంటే 1972 ఆగస్టు 15: నెలకు 4 బిట్లు, రోజుకు 5, సంవత్సరానికి మిగిలింది 3. ఆ మూడు బిట్లలో 1970 నుంచి 1977 వరకే పడుతుంది, ఆ తర్వాత సంగతి తర్వాతివాళ్లు చూసుకున్నారు. చివరిది ఖాళీ జాగా: పేరు స్థానంలో సున్నా, 725 బ్లాకులు.

ఇప్పుడు రామా.పీఏను మళ్లీ రాయాలి. తెరిచినప్పుడు పాతదాన్ని ముట్టుకోం. ఖాళీ ఎంట్రీకి సరిగ్గా ముందు అదే పేరుతో తాత్కాలిక ఎంట్రీ పెడతాం, పొడవు 0000. దాని చోటు హెడర్ నాలుగో వర్డ్‌లో గుర్తుంచుకుంటాం:

2201 1501 0000 2001 4172 7773
2201 1501 0000 2001 4172 0000
0000 6453

పొడవు సున్నా ఎందుకంటే, మొదటి బ్లాకు లెక్క కట్టేటప్పుడు తాత్కాలిక ఎంట్రీ ఏమీ కలపదు. దాని వెనకున్న ఖాళీ జాగా మొదలే దీని మొదలు కూడా అవుతుంది. రాస్తూ పోతే ఖాళీ జాగాలోకే పోతున్నాం. ప్రత్యేకంగా ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా రాయనక్కర్లేదు. ఈ వ్యవస్థ మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. పరికరానికి ఒక్క ఫైలే రాయడానికి తెరవాలన్న నియమం కూడా దీని వల్లే వచ్చింది.

6 బ్లాకులు రాసి మూశాం:

7775 0007 0000 0000 7777
0000 7773
2201 1501 0000 2001 4172 7772
0000 6461

పాత రామా ఖాళీ జాగా అయింది, కొత్తది 6 బ్లాకులు, మిగిలింది 719. మూడు మార్పులూ మెమరీలో చేసి, డైరెక్టరీ బ్లాకును ఒకేసారి రాయాలి. మూయకముందు కరెంటు పోతే పాత రామా చెక్కుచెదరదు.

చిరాకు పుట్టించే తప్పు ఒకటుంది, మళ్లీ చేయకండి. ఫైలు తీసేస్తే 6 వర్డ్‌ల ఎంట్రీ 2 వర్డ్‌లవుతుంది. వెనకున్నవన్నీ 4 వర్డ్‌లు ముందుకు జరగాలి. జరపకపోతే పాత పేరు తాలూకు తోక మిగిలి, తర్వాతి ఎంట్రీ పేరులా కనబడుతుంది. జరిపారు సరే, ఎంట్రీల సంఖ్య తగ్గించారా? తగ్గించకూడదు! ఫైలు ఎంట్రీ పోయి ఖాళీ ఎంట్రీ వచ్చింది, అంతే. సంఖ్య తగ్గేది పక్కపక్కనున్న రెండు ఖాళీలు కలిసినప్పుడు మాత్రమే, కలయికకు ఒకటి చొప్పున. పైన చూడండి: తెరిచినప్పుడు మూడు, మూశాక కూడా మూడే.

డైరెక్టరీ బ్లాకు నిండితే చీల్చడం వచ్చే పాఠంలో.

అభ్యాసం. ఈ టేపులో రామాను తీసేయండి, ముందు చేత్తో కాగితం మీద, తర్వాత ఒక్క పేజీలో (128 వర్డ్‌లు) ఇమిడే కోడుతో:

7773 0007 0000 0000 7777
0000 7770
2201 1501 0000 2001 4172 7766
0000 7775
2311 2401 0000 2001 4172 7774
0000 6477

సీతా.పీఏ మొదటి బ్లాకు తీసేయకముందు, తీసేశాక ఒకటే రావాలి: ఆక్టల్‌లో 34. రాకపోతే నాకు పంపకండి, మళ్లీ చూసుకోండి. అయ్యాక సీతాను 7వ బ్లాకుకు జరిపి ఖాళీలన్నీ ఒకచోట చేర్చండి. మధ్యలో కరెంటు పోయినా ఈ ఫైలు దక్కుతుంది, ఎందుకో రాయండి. అదే 10 బ్లాకుల ఫైలును 3 బ్లాకులు ముందుకు జరుపుతుండగా కరెంటు పోతే ఏమవుతుందో, దానికి మీరేం చేస్తారో కూడా రాయండి.