‘డీటూర్’ బొమ్మ బాగా రావడం లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఎడ్గర్ జి. ఉల్మర్ 1945లో తీసిన ‘డీటూర్’ సుమారు 68 నిమిషాల నలుపు తెలుపు నోయర్ (నేరం, చీకటి నీడల కథల తరహా) సినిమా. నిర్మించింది హాలీవుడ్‌లో అతి తక్కువ ఖర్చుతో సినిమాలు తీసే పీఆర్‌సీ. కాపీరైట్ రెన్యువల్ చేయించకపోవడంతో అమెరికాలో అది పబ్లిక్ డొమైన్‌లో పడింది. ఆ తర్వాత అరిగిన ప్రింట్ల నుంచి ఎవరికి వాళ్లు కాపీలు తీసి వదిలారు. అందుకే ముందు తేల్చుకోవలసింది ఒకటే: లోపం కాపీదా, టీవీదా, లేక సినిమాయే అలా తీశారా?

మాట మధ్యలో బొమ్మ గెంతుతోంది. ముఖాలు సున్నం కొట్టినట్టు, నీడలు తారు ముద్దలా ఉన్నాయి

ఇది కాపీ లోపం. ప్రింటు తెగిన ప్రతిసారీ కొన్ని ఫ్రేములు కత్తిరించి అతికిస్తారు. వాటితోపాటు మాట కూడా పోతుంది. కాపీ మీద కాపీ తీసేకొద్దీ కాంట్రాస్ట్ పెరిగి, తెలుపుకీ నలుపుకీ మధ్య ఉండే బూడిద ఛాయలు మాయమవుతాయి. బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిదవుతుందే కానీ పోయిన వివరం రాదు.

మందు ఒక్కటే, కాపీ మార్చడం. 2018లో అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి దీన్ని 4కెలో పునరుద్ధరించాయి. బెల్జియంలో దొరికిన మంచి ప్రింటు మీద సబ్‌టైటిళ్లు అచ్చయి ఉంటే వాటిని డిజిటల్‌గా తొలగించారు. నటి ఆన్ శావేజ్ కళ్లలోని కసి ఈ కాపీలోనే తెలుస్తుంది. పాత సినిమాల డిస్కులు తెచ్చే క్రైటీరియన్ సంస్థ 2019లో వేసిన బ్లూరే ఇదే. అయితే అమెరికా డిస్కు రీజియన్ ఏ, ఇండియా ప్లేయర్లు రీజియన్ సీ. రీజియన్ ఫ్రీ ప్లేయర్ లేకుండా డిస్కు కొనకండి. అమెరికాలో ఉంటున్నవాళ్లకు ఈ చిక్కు లేదు.

మనుషులు పొట్టిగా, లావుగా ఉన్నారు

ఈ సినిమా ఫ్రేము 1.37:1. ఫుల్ హెచ్‌డీ తెర మీద బొమ్మ వెడల్పు సుమారు 1480 పిక్సెళ్లే ఉండాలి, రెండు పక్కలా చెరో 220 పిక్సెళ్ల నల్లపట్టీ రావాలి. పట్టీలు లేవంటే టీవీ సాగదీస్తోందన్నమాట. తలలు తెగితే జూమ్‌లో ఉంది. పిక్చర్ సైజు ‘4:3’ లేదా ‘ఒరిజినల్’ పెట్టండి. ఫైలే సాగి ఉంటే కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో ‘ఎ’ (A) మీట నొక్కుతూ 4:3 దగ్గర ఆపండి.

నలుపు పాలిపోయింది, లేదా నీడల్లో అసలేమీ కనబడటం లేదు

మంచి కాపీలోనూ ఇలా ఉంటే హెచ్‌డీఎంఐ రేంజ్ (ప్లేయర్ టీవీకి పంపే నలుపు తెలుపుల హద్దు: లిమిటెడ్ లేదా ఫుల్) చూడండి. ప్లేయర్ లిమిటెడ్ పంపుతుంటే టీవీ ఫుల్ అనుకుంటే నలుపు వెలిసిపోతుంది. తారుమారైతే నీడలు మూసుకుపోతాయి. రెండింటిలోనూ లిమిటెడ్ పెట్టండి. పిక్చర్ మోడ్ సినిమా లేదా ఫిల్మ్‌మేకర్. డైనమిక్ కాంట్రాస్ట్, నాయిస్ రిడక్షన్ ఆఫ్. నాయిస్ రిడక్షన్ ఫిల్మ్ గ్రెయిన్‌ను మురికి అనుకుని తుడిచేస్తుంది, ముఖాలు మైనపు బొమ్మల్లా అవుతాయి. షార్ప్‌నెస్ సున్నాకి దగ్గరగా ఉంచండి. తెరకు ఎదురుగా ట్యూబ్‌లైటు వద్దు, టీవీ వెనక చిన్న దీపం చాలు.

కదలిక టీవీ సీరియల్‌లా నున్నగా జారుతుంటే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తే అది ఇంటర్‌లేస్డ్ (ఒక్కో ఫ్రేమును రెండు సగాల గీతలుగా దాచిన) ఫైలు. వీఎల్‌సీలో ‘డి’ నొక్కితే డీఇంటర్‌లేస్ అవుతుంది.

సినిమా 65 నిమిషాలకే అయిపోయింది, గొంతులు సన్నగా ఉన్నాయి

సెకనుకు 24 ఫ్రేముల సినిమాను యూరప్ టీవీ పద్ధతిలో 25తో నడిపిన కాపీ ఇది. సినిమా అంతా కథానాయకుడి కథనం మీదే నడుస్తుంది కాబట్టి టామ్ నీల్ గొంతులోని బరువు పోతే చాలా పోయినట్టే. వీఎల్‌సీలో వేగం 0.96 చేయండి. అదొక్కటే చాలదు: ఆడియో ప్రిఫరెన్సుల్లో ‘టైమ్ స్ట్రెచింగ్’ టిక్ తీసేయాలి. అది ఉంటే వేగం తగ్గినా గొంతు సన్నగానే ఉంటుంది.

సబ్‌టైటిళ్లు మొదటి నుంచీ ఒకే తేడాతో ఉంటే ‘జి’, ‘హెచ్’ మీటలు ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు జరుపుతాయి. పోనుపోను దూరమవుతుంటే అది జరిపితే తీరే జబ్బు కాదు, ఆ ఫైలు వేరే వేగం కాపీకి రాసింది. మీ కాపీ వేగానికి సరిపోయే ఫైలు తెచ్చుకోండి.

మాటల వెనక బుస వినిపిస్తే సరౌండ్ ఆపి, ట్రెబుల్ కొంచెం తగ్గించండి. అసలు శబ్దం మోనోనే.

బాగుచేయకూడనివి

లిఫ్ట్ అడిగే షాట్లలో కార్లు రోడ్డుకు ఎడమ పక్కన పోతాయి, డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. మన రోడ్లూ అంతే కాబట్టి మనకు తేడా తట్టదు, కానీ అమెరికాలో అది తలకిందులు. కథానాయకుడు న్యూయార్క్ నుంచి పడమరగా లాస్ ఏంజెలెస్ వెళ్తున్నాడు. తెర మీద కుడి నుంచి ఎడమకు కదలాలని ఆ షాట్లను అద్దంలో బొమ్మలా తిప్పేశారు. ప్లేయర్‌లో ‘ఫ్లిప్’ వాడకండి. కారు కిటికీ వెనక రోడ్డు అతికించినట్టు ఉండటం బ్యాక్ ప్రొజెక్షన్, అంటే ముందే తీసిన రోడ్డును నటుల వెనక తెర మీద వేయడం. ఇక న్యూయార్క్ వీధిలో కథానాయకుడు, అతని ప్రియురాలు నడిచే సీను: నగరం సెట్టు వేసే డబ్బు లేక పొగమంచు నింపారు. అక్కడ వివరం కోసం కాంట్రాస్ట్ పెంచకండి, ఆ మంచు వెనక నగరం లేదు.