జలవిద్యుత్ జలాశయంలో చేపల సర్వే: సాగర్ ఉదాహరణగా

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ సుమారు 150 కిలోమీటర్లు. నగరంలో చాలా ఇళ్ల కుళాయిల్లోకి వచ్చే కృష్ణా నీరు అక్కడిదే కనుక, జలాశయంలో చేపలను లెక్కించే పద్ధతిని వివరించడానికి ఆ జలాశయాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. చెరువులో చేపల లెక్కకూ, విద్యుత్తు తీసే జలాశయంలో లెక్కకూ అసలైన తేడా నీటి కదలికలో ఉంది. సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోని ఎనిమిది యూనిట్లలో ఏడు, నీటిని తిరిగి పైకి ఎత్తిపోయగలవు. ఎగువన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోనూ అలాంటివే ఉన్నాయి. అందువల్ల ప్రతి కొలతతో పాటు తేదీ, గంట, ఆనాటి నీటిమట్టం, ఆ సమయంలో నడుస్తున్న యూనిట్ల సంఖ్య రాసుకోవాలి. ఇవి లేని చేపల పటం ఎంత అందంగా గీసినా దేనికీ పనికిరాదు.

ముందుగా అనుమతులు. జలాశయం రెండు రాష్ట్రాల మధ్య ఉంది, ఎగువ తీరంలో చాలా భాగం పులుల అభయారణ్యాలను ఆనుకుని ఉంది కాబట్టి మత్స్యశాఖలను, అటవీశాఖలను, ఆనకట్ట అధికారులను విడివిడిగా సంప్రదించాలి. టర్బైన్లకు నీరు వెళ్లే ద్వారాల దగ్గరికి పడవను ఏ పరిస్థితుల్లోనూ తీసుకెళ్లకూడదు. లైఫ్ జాకెట్ లేనివారిని పడవ ఎక్కనివ్వకండి. కృష్ణలో మొసళ్లు కూడా ఉన్నాయి.

తరువాత జలాశయాన్ని మూడు భాగాలుగా విడగొట్టండి: ఎగువన ఇంకా నదిలా పారే భాగం, నడిమి భాగం, ఆనకట్ట దగ్గరి లోతైన భాగం. ఒక్కో భాగంలో ఒడ్డును, నడినీటిని వేరుగా చూడాలి. ఎకో సౌండర్ (నీటిలోకి ధ్వనిని పంపి, చేపలకు తగిలి వచ్చే ప్రతిధ్వనిని తెరపై చూపే పరికరం) బిగించిన పడవ ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు వంకరటింకరగా సాగాలి. ఎంత దూరం తిరగాలన్నదానికి ఒక సులువైన లెక్క ఉంది: మొత్తం ప్రయాణ దూరాన్ని విస్తీర్ణపు వర్గమూలంతో భాగిస్తే కనీసం 6 రావడం మంచిది. సాగర్ పూర్తిమట్టమైన 590 అడుగుల వద్ద విస్తీర్ణం సుమారు 285 చదరపు కిలోమీటర్లు, దాని వర్గమూలం దాదాపు 17. అంటే 100 కిలోమీటర్లకు పైగా తిరగాలి. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఇది 13 గంటల పని కాబట్టి రెండు మూడు రాత్రులు కేటాయించండి.

రాత్రే ఎందుకంటే, పగలు చాలా రకాల చేపలు గుంపుగా చేరి ఒకదాని మరుగున ఒకటి ఉంటాయి, చీకటి పడ్డాక విడిపోయి విడివిడి గుర్తులుగా కనిపిస్తాయి. ఎకో సౌండర్‌ను ప్రతి సర్వేకు ముందు ప్రామాణిక లోహపు గోళంతో సరిచూసుకోవాలి, సాధారణంగా 38.1 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ కార్బైడ్ గోళాన్ని సన్నని దారంతో ధ్వని కిరణం మధ్యకు వేలాడదీస్తారు. నీటి ఉష్ణోగ్రతను బట్టి ధ్వని వేగం మారుతుంది కనుక ఆ విలువను పరికరంలో నమోదు చేయడం మరవకండి. 7 డిగ్రీల కిరణం 30 మీటర్ల లోతులో సుమారు మూడున్నర మీటర్ల వెడల్పు నీటిని చూస్తే, 2 మీటర్ల లోతులో జానెడు కంటే కాస్త ఎక్కువ మేర మాత్రమే చూస్తుంది. ఉపరితలంలో తిరిగే చేపల కోసం ట్రాన్స్‌డ్యూసర్‌ను (ధ్వనిని పంపి, తిరిగి అందుకునే భాగాన్ని) పక్కకు తిప్పి మరోసారి నడపక తప్పదు.

నా తొలి సర్వేలో ఒక వాగు మూల దగ్గర తెర నిండా చుక్కలు కనబడితే పెద్ద గుంపు దొరికిందని సంబరపడి నోటుపుస్తకంలో ఎర్రగీత గీశాను. పడవ నడుపుతున్న జాలరి తెర వైపు చూడకుండానే నీటి మీదికి టార్చి వేసి, "సార్, అవి చేపలు కావు, అడుగు నుంచి వచ్చే బుడగలు" అన్నాడు. నిజంగానే నీటిపై సన్నని బుడగలు వరుసగా పగులుతున్నాయి. అప్పుడు చూస్తే తెరపై ఆ గుర్తులన్నీ ఒకే వాలులో పైకి సాగుతున్నాయి. చేప అలా యంత్రంలా తిన్నగా పైకి రాదు. కుళ్లిన ఆకు, మునిగిన చెట్లు ఉన్నచోట ఈ పొరపాటు తరచూ జరుగుతుంది.

ధ్వని ఎంత చక్కగా విన్నా అది బొచ్చో, రవ్వో, వాలుగో చెప్పలేదు. అందుకు గిల్‌నెట్లు (చేప మొప్పల దగ్గర చిక్కుకునే వలలు) కావాలి. ఒకే కన్ను సైజు వల ఒక పరిమాణపు చేపనే పడుతుంది కనుక, చిన్న కన్ను నుంచి పెద్ద కన్ను వరకు వేర్వేరు ముక్కలను వరుసగా కుట్టిన వలను సాయంత్రం వేసి, తెల్లవారగానే ఎత్తాలి. కొంత పైనా, కొంత అడుగునా వేయండి. పట్టిన ప్రతి చేప జాతి, మొత్తం పొడవు, బరువు రాసి, ఫలితాన్ని ఒక రాత్రికి 100 చదరపు మీటర్ల వలకు ఎన్ని చేపలన్న లెక్కలోకి మార్చాలి. జాతుల గుర్తింపులో తడబడేవారు బయలుదేరే ముందు రెండు ఆదివారాలు తెల్లవారుజామున హైదరాబాద్‌లోని రాంనగర్ చేపల మార్కెట్లో గడిపితే, ఏ తరగతి గదిలోనూ అంత త్వరగా నేర్చుకోలేరని నా నమ్మకం.

వల వేసినచోటే ఉష్ణోగ్రతను, కరిగిన ఆక్సిజన్‌ను మీటరు మీటరుకూ కొలవండి. ఎండాకాలంలో అడుగు పొరలో ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే అక్కడ చేపలు లేకపోవడానికి కారణం వేరే వెతకనక్కర్లేదు. విద్యుదుత్పత్తి సాగుతున్నప్పుడు ఒకసారి, ఆగినప్పుడు ఒకసారి అదే దారిలో తిరిగి రెండు పటాలు వేరుగా గీయండి. వాటి సగటు తీయవద్దు. పటంలో పడవ పోలేకపోయిన గడులలో సున్నా వేయకుండా ఖాళీగా వదలండి.