నంద్యాల జిల్లా గుహలను ఎలా చూడాలి

నంద్యాల జిల్లాలో గుహలు చూడదలచినవారు ముందు అక్కడి రాతిని గమనించాలి. కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల ప్రాంతాలలో ఇళ్ల గచ్చుకు పరిచే నాపరాయి సున్నపురాయే. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా ఆమ్లగుణం పొంది, పగుళ్ల వెంట లోపలికి దిగి, ఈ రాతిని యుగాల తరబడి కరిగించడం వల్ల భూమి లోపల సొరంగాలు ఏర్పడ్డాయి. దారిలో రాతి గనులు కనిపించినప్పుడు వాహనం ఆపి దూరం నుంచే ఆ పొరలను చూస్తే, తరువాత గుహలో కనిపించేది సులభంగా అర్థమవుతుంది.

మొదట బేలుం గుహలకు వెళ్లడం మంచిది. తాడిపత్రి నుంచి సుమారు 30 కిలోమీటర్లు. కొలిచిన పొడవు 3,229 మీటర్లు కాగా, అందులో దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల మేర సందర్శకులు నడవవచ్చు. లోపల ఉక్కపోత ఎక్కువ కాబట్టి నూలు బట్టలు, జారని చెప్పులు వేసుకోవాలి. ఊపిరి, గుండె సమస్యలు ఉన్నవారు మెట్లు దిగకముందే వైద్యుల సలహా తీసుకోవాలి. రంగు దీపాల వద్ద ఫొటోలతో సరిపెట్టుకోకుండా, నీరు నునుపుగా అరగదీసిన గోడలను, పైకప్పులోని గుంటలను నిదానంగా పరిశీలించండి. పైనుంచి వేలాడే సున్నపు ఊడలను మాత్రం తాకవద్దు. చేతి జిడ్డు అంటిన చోట వాటి పెరుగుదల దెబ్బతింటుంది.

బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలకు మరొక రోజు కేటాయించాలి. వానాకాలంలో వెళ్లవద్దు, దారి తెలిసిన ఊరివారిని వెంటబెట్టుకొని, మనిషికి రెండు టార్చిలైట్ల చొప్పున తీసుకువెళ్లండి. ఇక్కడ రాతికన్నా నేలమీది మట్టి విలువైనది. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఇక్కడ తవ్వకాలు జరిపి జంతువుల ఎముకలను వెలికితీశారు. వాటిలో గుర్తించిన ఒక ఖడ్గమృగానికి 1886లో శిలాజ శాస్త్రవేత్త రిచర్డ్ లిడెక్కర్, అప్పట్లో ఈ ప్రాంతం ఉన్న కర్నూలు జిల్లా పేరుమీదుగానే శాస్త్రీయ నామం పెట్టారు. ఒక ఎముక ఏ కాలానిదో నిర్ణయించడానికి అది ఏ పొరలో ఉన్నదో తెలియాలి. దానిని కదిలిస్తే ఆ ఆధారం మళ్లీ దొరకదు. అందువల్ల గుహలో తవ్వకండి, నిప్పు రాజేయకండి. ఎముకగాని, రాతి పనిముట్టుగాని కనిపిస్తే ఉన్నచోటనే ఫొటో తీసి, పురావస్తు శాఖకు తెలియజేయండి.

ఆసక్తి ఉన్నవారు ఇదే జిల్లాలోని జ్వాలాపురం గ్రామం కూడా చూడవచ్చు. సుమారు 74,000 సంవత్సరాల క్రితం ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో ఉన్న టోబా అగ్నిపర్వతం నుంచి వచ్చిన బూడిద పొర అక్కడ నిలిచి ఉంది; దాని కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. ఆ బూడిదను గుర్తుగానైనా పిడికెడు తెచ్చుకోవద్దు.