ఐపీ ఫోన్‌లో మాట ఒకవైపే వినిపిస్తోందా? సెట్లు మార్చకండి

ఇంటర్నెట్ మీద నడిచే ఐపీ ఫోన్లు కొత్తగా పెట్టించిన వారానికి ఏదో ఒక ఆఫీసు నుంచి ఇదే మాట: ‘మేం చెప్పేది వాళ్లకి వినపడుతోందండీ, వాళ్లది మాకు వినపడట్లేదు. సెట్లు వాపస్ ఇచ్చేద్దామా?’

ఆగండి. పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది, ఎవరూ చేయరు. అదే ఎక్స్‌టెన్షన్‌ని (ఆ సెట్టుకిచ్చిన లోపలి నంబర్ని) మొబైల్లో సాఫ్ట్‌ఫోన్ యాప్‌లో, అంటే మొబైల్‌నే ఐపీ ఫోన్‌గా వాడనిచ్చే యాప్‌లో పెట్టి, వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద కాల్ చేయండి. తర్వాత ఆఫీసు వైఫై మీద. మొదటిది బాగుండి రెండోది చెడితే సెట్లకు ఏ పాపమూ తెలియదు.

సమస్య: మాట ఒకవైపే. లేదా ఎత్తిన అరనిమిషానికి, గడియారం పెట్టి చూస్తే 32 సెకన్లకు, కాల్ కట్.

కారణం: చాలాసార్లు రౌటర్లోని సిప్ ఏఎల్‌జీ. సిప్ అంటే కాల్ కలపడానికి ఫోన్లు వాడే భాష, ఏఎల్‌జీ అంటే ఆ మెసేజ్‌లను దారిలో దిద్దే రౌటర్ ఫీచర్. ఐపీ కాల్‌లో కబురు వేరు, గొంతు వేరు. ‘నా గొంతు ఫలానా అడ్రసుకు పంపు’ అని సిప్ మెసేజ్ చెబుతుంది, ఆడియో విడిగా నడుస్తుంది. ఏఎల్‌జీ సాయం చేద్దామని ఆ మెసేజ్‌లో వేలుపెట్టి అడ్రసు దిద్దుతుంది, తప్పుగా దిద్దుతుంది. ఆడియో ఎటో పోతుంది. 32 సెకన్ల లెక్కా అందులోదే: ఎత్తిన ఫోన్ తన జవాబు అందినట్టు రసీదు కోసం అంతసేపు చూసి, రాకపోతే కాల్ వదిలేస్తుంది.

పరిష్కారం: రౌటర్ సెట్టింగుల్లో ఏఎల్‌జీ పేజీ వెతికి సిప్ టిక్ తీసేయండి. కొన్నింట్లో ఎన్ఏటీ అనే మెనూ కింద, కొన్నింట్లో సెక్యూరిటీ కింద దాక్కుంటుంది. రౌటర్నీ ఫోన్లనీ రీస్టార్ట్ చేయండి.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఓ ఆడిటర్ ఆఫీసులో వాళ్ల రౌటర్లో ఆపేశాను, తగ్గలేదు. సెట్టు మార్చాను, తగ్గలేదు. మొత్తం మూడుసార్లు వెళ్లాక తట్టింది: గోడ మీది ఫైబర్ మోడెం కూడా రౌటరే, దాన్లోనూ ఏఎల్‌జీ ఆన్‌లో ఉంది! డబ్బాలు రెండుంటే రెండూ చూడండి. మోడెంలో ఆ సెట్టింగ్ కనిపించకపోతే ఇంటర్నెట్ వాళ్లను దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి నెట్‌ను అలాగే మీ రౌటర్‌కు అందించేలా, పెట్టమనండి. అదీ కుదరకపోతే, ఫోన్ సర్వీస్ ప్రొవైడర్ ఒప్పుకుంటే, ఫోన్ సెట్టింగుల్లో సిప్‌ను మామూలు 5060 యూడీపీ పోర్టు నుంచి, మెసేజ్‌కు తాళం వేసి (ఎన్‌క్రిప్ట్ చేసి) పంపే 5061 టీఎల్ఎస్‌కు మార్చండి. తాళం వేసిన ఉత్తరాన్ని ఏఎల్‌జీ చదవలేదు.

గొంతు ముక్కలుముక్కలుగా వస్తోందా? స్పీడ్ ప్యాకేజీ పెంచకండి. జీ.711 అనే మామూలు ఆడియో ఫార్మాట్‌లో ఒక కాల్‌కు ఒక్కోవైపు 90 కేబీపీఎస్ లోపే. వైఫై వదిలి కేబుల్ వేయండి, సీసీ కెమెరాల క్లౌడ్ అప్‌లోడ్ లైన్‌ను తినేస్తోందేమో చూడండి. కాసేపటికే బయటి కాల్స్ మోగడం మానేస్తే ఫోన్‌లో కీప్-అలైవ్ (రౌటర్ దారి మూసేయకుండా ఫోన్ మధ్యమధ్యలో పంపే చిన్న కబురు) 30 సెకన్లు పెట్టండి. ఫోన్‌కు పవర్ రాకపోతే, కేబుల్ తగిలించింది పీఓఈ స్విచ్చేనా (నెట్ కేబుల్లోనే కరెంటూ ఇచ్చేదేనా) అని చూడండి. నవ్వకండి, మామూలు స్విచ్చే దొరికిన ఆఫీసులున్నాయి.

ఇక కొనేముందు అడగాల్సినవి: టీఎల్ఎస్ ఉందా, సెట్టు వెనక కంప్యూటర్‌కు నెట్ ఇచ్చే పోర్టు గిగాబిట్టేనా అని. 100 ఎంబీపీఎస్ పోర్టయితే మర్నాటి నుంచి ‘నెట్ స్లో’ అని ఇంకో గోల. సెకండ్‌హ్యాండ్ సెట్టు చవగ్గా దొరికితే పాత ప్రొవైడర్ లాక్ తీసి ఇస్తారో లేదో కనుక్కున్నాకే డబ్బులివ్వండి.